గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు, ఇప్పుడేం చేయాలి?

(స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సభలో ఒక సీనియర్ గైనకాలజిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక్క మాట అడుగుతాను. మీలో ఎంతమంది స్కానింగ్ రిపోర్టు వెంట తెచ్చుకున్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, ఆ ఫైలు ఇప్పుడే తెరవకండి. ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. నేను మాట్లాడటం అయ్యాక తెరుద్దాం.

ఎందుకు వద్దంటున్నానంటే, రిపోర్టు చేతికి రాగానే అందరూ చేసే పని ఒకటే. సైజు చూస్తారు. నాలుగు సెంటీమీటర్లట, ఆరు సెంటీమీటర్లట అనుకుంటారు. ఆ అంకె చూసుకుని ఆ రాత్రి నిద్రపోరు. మర్నాడు నా ఎదురుగా కూర్చుని అడిగే మొదటి ప్రశ్న, "డాక్టర్ గారూ, సంచి తీసేయాలా?" ఇంకా కూర్చోనైనా కూర్చోకముందే అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఏ బాధ ఉందో నేను ఇంకా అడగనే లేదు. వాళ్లూ చెప్పలేదు. ఇద్దరం మాట్లాడుకోకుండానే తీర్పు ఎలా చెప్పేస్తాం?

ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, అది పైకి అడగరు. ఇది క్యాన్సరేమో అని. గడ్డ అనే మాట వినగానే ఎవరికైనా గుండె జారిపోతుంది. అందుకని ముందు ఆ భయం సంగతి చూద్దాం. మనం మాట్లాడుకుంటున్న ఈ గర్భసంచి గడ్డనే ఫైబ్రాయిడ్ అంటారు. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు. మళ్లీ చెబుతున్నాను, ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు. కొన్నాళ్లు వదిలేస్తే క్యాన్సర్‌గా మారిపోతుందన్న మాట కూడా నిజం కాదు. సార్కోమా అని ఒక క్యాన్సర్ ఉంది. అది చాలా అరుదు, చాలావరకు వేరేగా పుట్టుకొస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, స్కానింగులో ఒక్కోసారి అది కూడా ఫైబ్రాయిడ్ లాగే కనిపిస్తుంది. అందుకే కొన్ని గుర్తులు కనిపిస్తే మేం అప్రమత్తం అవుతాం. నెలసరి పూర్తిగా ఆగిపోయాక గడ్డ పెరగడం, ఆగిపోయిన ఏళ్ల తర్వాత మళ్లీ రక్తం కనబడటం, ఈ రెండింటినీ ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. అలాగే 45 దాటినవారికి రక్తస్రావం తేడాగా ఉంటే, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ఎందుకంటే గడ్డ ఉంది కదా అని రక్తస్రావాన్నంతా గడ్డ మీదకు తోసేస్తే, దాని చాటున ఉన్న వేరే జబ్బు మన కంట పడకుండా పోవచ్చు.

ఇంతకీ ఈ గడ్డ ఏమిటి? గర్భసంచి గోడ అంతా కండరం. ఆ కండరంలో ఒక కణం దారి తప్పి, అదే పనిగా పెరిగి ఉండ కడుతుంది. పట్టుకుని చూస్తే తెల్లగా, గట్టిగా, రబ్బరు బంతిలా ఉంటుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే స్త్రీ హార్మోన్లు దానికి మేత. ఆ మేత దొరికినన్నాళ్లూ పెరుగుతుంది, ముట్లుడిగాక సాధారణంగా కుంచించుకుపోతుంది. "నాకే ఎందుకొచ్చింది, నేనేం తప్పు చేశాను?" అని ఏడ్చేవాళ్లను చూశాను. ఏ తప్పూ చేయలేదమ్మా. అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో 50 ఏళ్లు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో 70 శాతం మందికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా ఫైబ్రాయిడ్స్ ఉన్నట్టు తేలింది. అంటే ఇవి ఉండటమే మామూలు. అందులో చాలామందికి అవి ఉన్నాయన్న సంగతే తెలియదు. కడుపు నొప్పికో, కిడ్నీలో రాయికో స్కాన్ తీయిస్తే బయటపడతాయి. అలా అనుకోకుండా కనిపించిన గడ్డ, ఏ బాధా పెట్టని గడ్డ, దాన్ని ఏం చేయాలి? ఏమీ చేయక్కర్లేదు. నిజంగానే ఏమీ చేయక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకుంటే చాలు.

"పెరిగిపోతే?" అంటారు. పెరగవచ్చు. 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. 72 మంది స్త్రీలకు వరసగా ఎంఆర్ఐలు తీసి 262 గడ్డలను గమనించారు. ఆరు నెలల్లో మధ్యస్థంగా 9 శాతం పెరిగాయి. అయితే కొన్ని రెట్టింపుకు పైగా పెరిగాయి, కొన్ని వాటంతటవే బాగా తగ్గిపోయాయి. ఇంకో విశేషం, ఒకే స్త్రీ కడుపులో ఒక గడ్డ పెరుగుతుంటే పక్కనున్నది తగ్గుతోంది. కాబట్టి ఇవాళ నాలుగు సెంటీమీటర్లుంటే వచ్చే ఏడాది ఎనిమిదవుతుందని లెక్క కట్టడం కుదరదు. ఆ లెక్క చూపించి ఎవరైనా తొందరపెడితే కొంచెం ఆగండి.

సైజు కంటే ముందు చూడాల్సింది ఎక్కడుందీ అని. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. గర్భసంచిని ఒక గది అనుకోండి. గది లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ ఒకటి, గోడ మందంలో ఇరుక్కున్నది ఒకటి, బయటివైపు ఉబ్బినది ఒకటి. రిపోర్టులో మొదటిదాన్ని సబ్‌మ్యూకస్ అనీ, రెండోదాన్ని ఇంట్రామ్యూరల్ అనీ, మూడోదాన్ని సబ్‌సీరస్ అనీ రాస్తారు. గడ్డ ఉన్న చోటును బట్టి 0 నుంచి 8 దాకా అంకెలిచ్చే ఫీగో (అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య) పద్ధతి కూడా ఉంది. చిన్న అంకె అంటే గది లోపల ఉన్నట్టు. గది లోపలున్నది ఒకటిన్నర సెంటీమీటరే అయినా నెలనెలా రక్తం వరదలా పోయేలా చేయగలదు, గర్భం నిలవనివ్వకపోవచ్చు. బయటివైపున్నది ఎనిమిది సెంటీమీటర్లున్నా నెలసరి మీద దాని ప్రభావం ఏమీ లేకపోవచ్చు. మూత్రాశయాన్ని నొక్కితే గంటకోసారి బాత్రూముకు వెళ్లాల్సి రావడం, వెనక్కి నొక్కితే మలబద్ధకం, కడుపులో బరువు, ఇలా ఉంటుంది దాని పద్ధతి. అంటే ఒకటిన్నర సెంటీమీటర్లావిడకు చికిత్స కావాలి, ఎనిమిది సెంటీమీటర్లావిడకు అక్కర్లేకపోవచ్చు. సైజులు పోల్చుకుని భయపడటంలో అర్థం లేదని అందుకే అంటున్నాను.

రిపోర్టులో మరో మాట ఉంటుంది, బల్కీ యుటెరస్ అని. గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందని దాని అర్థం. అది జబ్బు పేరు కాదు. అది చూసి టెన్షన్ పడకండి.

ఇప్పుడు రక్తస్రావం దగ్గరికొద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోవద్దు. "నీకు బ్లీడింగ్ ఎక్కువవుతోందా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. మామూలే అంటారు. ఆ మామూలు ఏమిటో విప్పి అడగాలి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? రాత్రి నిద్రలో లేవాల్సి వస్తోందా? పెద్ద పెద్ద గడ్డలుగా రక్తం పడుతోందా? ఏడు రోజులు దాటుతోందా? ఆ రోజుల్లో ప్రయాణం మానుకుంటున్నావా? అన్నిటికీ అవును అంటుంది. మరి మామూలే అన్నావు కదమ్మా అంటే, "ఎప్పట్నుంచో ఇంతే కదా, అలవాటైపోయింది" అంటుంది. ఆవిడకు హిమోగ్లోబిన్ చూస్తే ఏడు ఉంటుంది. గర్భం లేని స్త్రీకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడుతో ఇంటి పనీ, ఆఫీసు పనీ అన్నీ చేస్తూనే ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసైపోయిందనుకుంటుంది. జుట్టు రాలితే నీళ్లు పడలేదనుకుంటుంది. కోపం వస్తే తన స్వభావమే అంత అనుకుంటుంది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పెద్ద పెద్ద గడ్డలు కాదు, ఈ అలవాటైపోయిందన్న మాట.

కాబట్టి గడ్డకు ఏ చికిత్స చేసినా, చేయకపోయినా, ముందు రక్తం నింపుకోవాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూపించుకోండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెబుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఫెరిటిన్ అడుగంటినవాళ్లు కూడా నీరసపడిపోతారు. ఐరన్ మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని చాలామంది మానేస్తారు. మానకండి, మీ డాక్టరుతో చెప్పండి. రోజు విడిచి రోజు వేసుకున్నా ఒంటికి బాగానే పడుతుందని పరిశోధనలున్నాయి. కడుపులో ఇబ్బంది కూడా తగ్గుతుంది. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగకండి, ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అయినా సరిపడకపోతే సెలైన్ లాగా నరంలోకి ఎక్కించే ఐరన్ ఉంది. ఆపరేషనుకు ముందు ఇది చేసుకుంటే రక్తం ఎక్కించాల్సిన అవసరం చాలామందికి తప్పుతుంది.

ఇక మందులు. ముందే ఒక నిజం చెబుతాను. ఫైబ్రాయిడ్‌ను శాశ్వతంగా కరిగించి మాయం చేసే మందు ఇప్పటిదాకా లేదు. ఏ పేరుతో అమ్మినా, ఎవరు అమ్మినా లేదు. మందులు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి. కొన్ని తాత్కాలికంగా సైజు తగ్గిస్తాయి. ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుంది. మరి మందులెందుకు? ఒకావిడకు 48 ఏళ్లు. ఇంకొన్నేళ్లలో నెలసరి ఆగిపోతుంది, గడ్డ దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ కొన్నేళ్లు ఇబ్బంది లేకుండా గడిస్తే చాలు కదా. అలాంటివారికి మందు చాలా మంచి దారి.

అన్నిటికంటే తేలికైనది ట్రానెక్సామిక్ యాసిడ్. నెలసరిలో ఎక్కువ పోయే మూడు నాలుగు రోజులు, మహా అయితే ఐదు రోజులు వేసుకుంటే సరిపోతుంది. హార్మోన్ కాదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు కూడా వాడుకోవచ్చు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వం. ఈ మందు గురించి చెప్పేటప్పుడు ఒకావిడను తలచుకోకుండా ఉండలేను. జపానులో ఉతాకో ఒకమోతో అనే శాస్త్రవేత్త, ఆమె భర్త షోసుకే కలిసి 1962లో దీన్ని కనిపెట్టారు. కాన్పు తర్వాత రక్తం పోయి తల్లులు చనిపోతున్నారనే ఆవిడ బాధ. అప్పట్లో ఆ విషయంలో ఈ మందును పరీక్షించడానికి వైద్యులు ముందుకు రాలేదు. చివరికి 20 వేల మంది తల్లులతో పెద్ద అధ్యయనం జరిగింది, ఆ మరణాలను ఈ మందు తగ్గిస్తుందని తేలింది. ఫలితాలు 2017లో వచ్చాయి. ఆవిడ అంతకు ఏడాది ముందే, 98 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. మనం ఇవాళ మందుల షాపులో తీసుకునే ఆ మాత్ర వెనక ఇంత కథ ఉంది.

నొప్పి ఎక్కువున్నవారికి మెఫెనమిక్ యాసిడ్ లాంటివి పనికొస్తాయి. తర్వాత హార్మోన్ మాత్రలు. వీటితో రక్తస్రావం అదుపులోకి వస్తుంది. కానీ 35 దాటి పొగ తాగేవారు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడకూడదు. పక్కావిడ వాడుతోందని మీరు తెచ్చుకోకండి. హార్మోన్ ఉన్న లూప్ మరొకటి, లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను రోజూ కొంచెం కొంచెంగా లోపలే వదులుతుంది. ఒకసారి పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడుతూ విసిగిస్తుంది. ఆ విసుగులోనే చాలామంది తీయించేసుకుంటారు, కాస్త ఓపిక పడితే తర్వాత హాయిగా ఉంటుంది. అయితే గది లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ ఉంటే లూప్ జారిపడే అవకాశం ఎక్కువ. చూశారా, మళ్లీ ఎక్కడుందీ అన్న దగ్గరికే వచ్చాం.

ఇంకా బలమైనవి జీఎన్ఆర్‌హెచ్ మందులు. పాతవి ఇంజెక్షన్లు. ఇవి గడ్డకు మేత ఆపేస్తాయి. మూడు నెలల్లో గడ్డ గణనీయంగా తగ్గుతుంది, నెలసరి ఆగుతుంది, రక్తం పుంజుకుంటుంది. కానీ ఒంట్లో ఒక్కసారిగా ఆవిర్లు, చెమటలు, ఎక్కువకాలం వాడితే ఎముకలు పలచబడటం. అందుకే ఆపరేషనుకు ముందు మూడు నుంచి ఆరు నెలలకే సాధారణంగా పరిమితం చేస్తాం. కొత్తగా వచ్చినవి నోటితో వేసుకునేవి, రెలుగోలిక్స్, ఎలగోలిక్స్ లాంటివి. వీటితో పాటు కొద్దిగా ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇస్తారు, ఎముకలు దెబ్బతినకుండా. ఎలగోలిక్స్ మిశ్రమానికి 2020లో, రెలుగోలిక్స్ మిశ్రమానికి 2021లో అమెరికా అనుమతిచ్చింది. రెలుగోలిక్స్ మిశ్రమం వాడినప్పుడు 100 మందిలో 70 మందికి పైగా రక్తస్రావం బాగా తగ్గిందని అధ్యయనాలు చూపించాయి. అమెరికాలో రెండేళ్లకు మించి వాడవద్దన్నారు. ఇవన్నీ అన్ని దేశాల్లోనూ దొరకవు. యులిప్రిస్టాల్ అనే మందు కూడా కొన్నాళ్లు బాగా వాడారు. కొద్దిమందిలో కాలేయం తీవ్రంగా దెబ్బతినడంతో 2020 నుంచి యూరప్‌లో దాన్ని బాగా పరిమితం చేశారు. పాత చీటీ పట్టుకుని ఎవరూ సొంతంగా కొనుక్కోవద్దు.

మందులతో సరిపోనివాళ్ల సంగతి చూద్దాం. సంచి ఉంచి, గడ్డ సంగతి మాత్రమే చూసుకునే దారులున్నాయి. గది లోపలి గడ్డకైతే హిస్టెరోస్కోపీ. కింది దారి నుంచే సన్నని కెమెరా పంపి, దాన్ని చెక్కి తీసేస్తారు. పొట్ట మీద కోత లేదు, కుట్టు లేదు. చాలామంది అదే రోజు ఇంటికెళ్లిపోతారు. ఇంత తేలిగ్గా పోయే గడ్డకు సంచి మొత్తం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

గోడలో ఉన్నవీ, బయటివైపువీ అయితే మయోమెక్టమీ. గడ్డను మాత్రమే ఒలిచి తీసి, గోడను మళ్లీ కుట్టేస్తారు. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాపరోస్కోపీలో గానీ, పొట్ట కోసి గానీ. గడ్డలు చాలా ఉంటే, బాగా పెద్దవైతే పొట్ట కోయడమే మంచిదని మీ సర్జన్ అంటే, పాతకాలం పద్ధతి అని అనుమానపడకండి. లోపల కుట్టు గట్టిగా పడటం ముఖ్యం, ముఖ్యంగా తర్వాత గర్భం మోయాల్సినవారికి. నూరేళ్ల కిందట లండన్‌లో విక్టర్ బోనీ అనే సర్జన్ ఉండేవారు. ఆయన భార్యకు చిన్నవయసులోనే ఫైబ్రాయిడ్స్ వల్ల గర్భసంచి తీసేశారు. వాళ్లకు పిల్లల్లేరు. సంచిని కాపాడాలని జీవితాంతం పట్టుబట్టిన సర్జన్లలో ఆయన ముందువరసలో ఉన్నారు. రక్తం పోకుండా నాళాలను నొక్కిపట్టడానికి ఆయన తయారుచేసిన క్లాంపు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆ ఇంట్లో జరిగిన నష్టం ఎన్ని ఇళ్లకు మేలుగా మారిందో చూడండి.

మయోమెక్టమీలో దాచకుండా చెప్పాల్సిన విషయాలు కూడా ఉన్నాయి. ఇవాళ కంటికి కనిపించిన గడ్డలు తీస్తాం. విత్తనంలా ఉన్నవి తర్వాత పెరగవచ్చు. ఆపరేషన్ సరిగ్గా చేయలేదని కాదు, ఈ గడ్డల స్వభావమే అది. గోడను లోతుగా కుట్టినవాళ్లు కొన్ని నెలలు ఆగి గర్భం కోసం ప్రయత్నించాలి. ఎన్ని నెలలో మీ సర్జన్ చెబుతారు. కాన్పు సిజేరియన్ కావాల్సి రావచ్చు. ఆపరేషన్ వివరాలు రాసిన కాగితాన్ని జాగ్రత్త చేయండి. ఏళ్ల తర్వాత కాన్పు చేసే డాక్టరుకు ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ఇంకో దారి ఎంబోలైజేషన్. ఇది చేసేది మాలాంటి గైనకాలజిస్టులు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు. గజ్జల్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో ఇసుక రేణువుల్లాంటివి వదులుతారు. గడ్డకు రక్తం అందక ఎండిపోతుంది. ఇది ఎలా పుట్టిందో తెలుసా? పారిస్‌లో జాక్ రవీనా అనే వైద్యుడు, ఆపరేషనులో రక్తం ఎక్కువ పోకుండా ముందు ఇలా నాళాలు మూసి, తర్వాత ఆపరేషన్ చేద్దామనుకున్నారు. తీరా చూస్తే కొందరికి ఆపరేషన్ అవసరమే లేకుండా పోయింది, బాధలు తగ్గిపోయాయి. 1995లో ఆ విషయం ప్రచురించారు.

ఎంబోలైజేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి గట్టిగానే ఉంటుంది. జ్వరం, వికారం కూడా. ముందే తెలిస్తే భయపడరు. కోలుకోవడం మాత్రం త్వరగా ఉంటుంది. కొన్ని నెలల్లో గడ్డ సగం దాకా తగ్గవచ్చు. శాశ్వతమేనా? నెదర్లాండ్స్‌లో పదేళ్ల పాటు గమనించిన ఒక అధ్యయనంలో, ఎంబోలైజేషన్ చేయించుకున్నవారిలో దాదాపు మూడింట రెండొంతుల మందికి సంచి తీయాల్సిన అవసరం రాలేదు. మూడో వంతు మందికి వచ్చింది. రెండు అంకెలూ తెలుసుకునే నిర్ణయించుకోవాలి. 2020లో బ్రిటన్‌లో 254 మందితో మయోమెక్టమీనీ ఎంబోలైజేషన్‌నూ పోల్చారు. రెండు వైపులా మెరుగుపడ్డారు, రెండేళ్ల తర్వాత మయోమెక్టమీ చేయించుకున్నవారి జీవితం మరికాస్త బాగుంది. ఇక పిల్లలు కావాలనుకునేవారికి ఎంబోలైజేషన్‌ను నేను మొదటి దారిగా చెప్పను. కొందరిలో, ముఖ్యంగా 45 దాటినవారిలో, దీనివల్ల నెలసరి ముందే ఆగిపోవచ్చు.

అల్ట్రాసౌండ్ తరంగాలను ఒకచోట కేంద్రీకరించి గడ్డను వేడితో మాడ్చేసే పద్ధతి ఉంది. సూదితో రేడియో తరంగాలు పంపి మాడ్చే పద్ధతీ ఉంది. గడ్డ ఉన్న చోటు, సంఖ్య కుదిరితే ఇవి బాగానే పనిచేస్తాయి. అందరికీ కుదరవు, అన్నిచోట్లా లేవు. ఇవి చేయించుకోవాలనుకునేవారు విడిగా అడగండి.

ఇప్పుడు హిస్టరెక్టమీ. సంచి తీసేయడం. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, పిల్లలు పుట్టేసినావిడ గడ్డతో వస్తే, "ఇంకా ఆ సంచితో పనేముంది, తీసేద్దాం" అని తేలిగ్గా అనేసేదాన్ని. మాకు అలాగే అలవాటైంది. 38 ఏళ్ల ఒకావిడకు అలాగే చెప్పాను, చేశాను. ఆపరేషన్ బాగానే జరిగింది. ఏడాది తర్వాత వచ్చి, "మేడమ్, ఇంకో దారి ఉందని మీకు అప్పుడు తెలుసా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. తెలుసు. చెప్పలేదు. ఆ రోజు నుంచి అన్ని దారులూ చెప్పకుండా ఎవరి చేతా సంతకం పెట్టించలేదు.

అలాగని సంచి తీయించుకోవడం తప్పు అని నేను అనను. గడ్డలు మళ్లీ రాకుండా చేసే ఏకైక చికిత్స అదే. ఏళ్ల తరబడి రక్తం పోయి, అన్నీ వాడి, విసిగి, తనే కావాలని తీయించుకున్నావిడ, "ఈ పని పదేళ్ల ముందే చేయించుకోవాల్సింది" అంటుంది. ఆమె మాటా నిజమే. ఆ నిర్ణయం ఆమెది అయ్యుండాలి, అంతే.

తీయించుకునేవాళ్లు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న అండాశయాల గురించి. సంచి వేరు, అండాశయాలు వేరు. "ఎలాగూ తీస్తున్నాం కదా, అవి కూడా తీసేద్దాం" అంటే ఒప్పుకోకండి, ఎందుకు అని అడగండి. సహజంగా నెలసరి ఆగే వయసుకు ముందే రెండు అండాశయాలూ తీసేస్తే గుండెకూ ఎముకలకూ ముప్పు పెరుగుతుంది. కుటుంబంలో అండాశయ క్యాన్సర్ లాంటి గట్టి కారణం ఉంటే వేరే సంగతి. గర్భసంచి ముఖద్వారాన్ని ఉంచేస్తే, అక్కడి క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ స్మియర్ పరీక్షలు మానకూడదు. ఇక లాపరోస్కోపీలో పెద్ద గడ్డను ముక్కలు చేసి బయటికి తీయాల్సి ఉంటుంది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసినవారిలో సుమారు 350 మందిలో ఒకరికి సార్కోమా ఉండవచ్చని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాంటిదాన్ని ముక్కలు చేస్తే క్యాన్సర్ కడుపులో చెదిరిపోవచ్చని భయం. తర్వాతి సమీక్షల్లో అది ఇంకా అరుదని తేలింది. అయినా గడ్డను ముక్కలు చేసేది ఒక ప్రత్యేకమైన బ్యాగులో పెట్టి చేస్తారా అని అడగడంలో తప్పు లేదు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. మీకు రెండు మాటలు. గది లోపలి గడ్డ గర్భానికి అడ్డమే, తీయించుకుంటే మేలు. బయటివైపు గడ్డ సాధారణంగా అడ్డం కాదు. గోడలో ఉన్నవాటి మీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు, మీ వయసు, గడ్డ ఎంత లోపలికి ఒత్తుతోంది, ఇవన్నీ చూసి కూర్చుని మాట్లాడాల్సిందే. గర్భం వచ్చాక గడ్డ కనిపిస్తే బెంబేలు పడకండి. ఎక్కువమందికి కాన్పు సవ్యంగానే అవుతుంది. మధ్యలో గడ్డ ఉన్నచోట హఠాత్తుగా నొప్పి రావచ్చు, సాధారణంగా విశ్రాంతితో, డాక్టరు ఇచ్చే నొప్పి మందుతో తగ్గుతుంది. నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో కూర్చోకుండా వచ్చి చూపించుకోండి.

సరే, ఇక ఫైళ్లు తెరవండి. సైజు ఉన్న గీతను వదిలేసి, గడ్డ ఎక్కడుందని రాశారో వెతకండి. దొరక్కపోతే ఆ మాట నన్ను అడగండి, మళ్లీ స్కాన్ తీసే చోట కూడా అడిగి రాయించుకోండి. పక్కనే తెల్లకాగితం పెట్టుకుని మీ బాధ ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. రక్తం పోవడమా, బరువా, పిల్లలా, లేక ఉత్త భయమా. భయమైనా సరే, రాయండి. వరసలో ఒక్కొక్కరినీ చూస్తాను. హిమోగ్లోబిన్ ఎనిమిది కంటే తక్కువ ఉన్నవాళ్లు వరసలో నిలబడకండి, ముందుకొచ్చి ఈ కుర్చీల్లో కూర్చోండి. మీతోనే మొదలుపెడదాం.